బోణీ వేళ అడిగిన మాట

నేను హీరోయిన్‌ని కాదు. హీరోకి వదిన, హీరోయిన్‌కి అక్క, విలన్ చేతిలో తన్నులు తినే ఆడమనిషి, ఇట్లాంటివే నా వేషాలు. అయినా మా ధర్మవరంలో నేను స్టారే. నా మొగంతో ఫ్లెక్సీలు కట్టినారు, నా చేత అంగళ్లు ఓపెనింగ్ చేయించినారు. వచ్చిన దుడ్లన్నీ చూసుకునింది మా మేనేజరు. హిందూపురమాయన. నన్ను మొదట హైదరాబాదుకి తీసకపోయింది ఆయనే. అన్నా అని పిలిచేదాన్ని.

"లెక్క అడిగి ఉండాల్సింది" అని ఇప్పుడు ప్రతి ఒక్కరూ నాకు బుద్ధి చెప్పేవాళ్లే. మాది మగ్గం మీద బతికిన ఇల్లు. సావుకారి పట్టు ఇస్తాడు, నాయన చీర నేసి ఇస్తాడు, ఆయన చేతిలో పెట్టింది తీసుకుంటాడు. ఆ చీర ఎంతకి అమ్మినావని అడిగితే నిన్ను నమ్మలేదని మొగం మీద అన్నట్టే. అట్లాంటి ఇంట్లో పుట్టినదాన్ని, అన్నా అని పిలిచినోణ్ని లెక్క యాడ అడుగుతా? షాటుకీ షాటుకీ మధ్యలో కాగితాలు తెచ్చి "ఈడ సంతకం పెట్టు పాపా" అనేవాడు. పెట్టేదాన్ని. నమ్మడం నా తప్పంట! మరి మోసం చేసినోడిది ఏమంట? ఆ మాట ఒక్కరన్నా అంటే ఒట్టు.

నాకంటూ నేను నోరు తెరిచి అడిగి కొనిపించుకునింది ఒక్కటే, పెనుకొండలో ఇంటి జాగా. కార్ల ఫ్యాక్టరీ రాకముందు, ఆ పక్క జాగాల మొగం ఎవరూ చూడని రోజుల్లో కొన్నాం. రేపు వేషాలు రాకుంటే ఆడ ఒక ఇల్లు కట్టుకుని, ఎవరికీ చేయి చాపకుండా బతకాలని నా ఆశ.

ఆ పొద్దు ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఓపెనింగ్. "మనకి బాగా కావాల్సినోళ్లది, కాదనకు పాపా" అన్నాడు మేనేజరు. హిందూపురంలో షూటింగ్ చూసుకుని ఆడనుంచి కారులో పోతా, దావలోనే కదా అని పెనుకొండలో నా జాగా కాడ దిగినా. చూస్తే కాంపౌండు గోడ లేస్తా ఉండాది! నీడలో కుర్చీ వేసుకుని పని చేయిస్తున్న పెద్దమనిషిని ఇదేందని అడిగినా. ఆయన గబగబా లేచి, ముందు నాతో సెల్ఫీ తీసుకుని, ఆ తర్వాత చెప్పినాడు. "మీ మేనేజరు కాడే కొన్నాను మేడమ్. మీరు రాసిచ్చిన పవరాఫ్ అటార్నీ చూపించినాడు. మీకు తెల్దా?"

తెల్దు. కారులో కూర్చుని తలుపేసుకుని బోరున ఏడ్చినా. "వెనక్కి తిప్పమంటారా మేడమ్?" అన్నాడు డ్రైవరు. "ఏంటికి తిప్పేది? పోనీ ముందుకి" అన్నా. దావలోనే మొగం తుడుచుకుని మళ్లీ పౌడరు వేసుకున్నా.

అంగడి ముందర జనం, డప్పులు, నా ఫ్లెక్సీ. లోపల పూజ పీటల మీద చూద్దును కదా, మా మేనేజరూ ఆయన పెండ్లామూ! అంగడి వాళ్లదే. నా జాగా అమ్మి ఈడ అద్దాల అంగడి పెట్టుకున్నారు. దానికి నేనే వచ్చి రిబ్బన్ కత్తిరించి, నలుగురి ముందరా పళ్లికిలించాల. ఎంత గుండె వీడికి!

రిబ్బన్ కత్తిరించినా. నవ్వినా కూడా. ఇంక బోణీ. మేనేజరు ఒక చీర తెచ్చి నా చేతిలో పెట్టి, "నీ చెయ్యి మంచిది, బోణీ చెయ్యి పాపా" అన్నాడు.

బోణీ వేళ మా సీమలో ఏ అంగడోడూ నోటితో లేదనడు, కాదనడు. అట్లా అంటే అంగడి ముందుకు పోదని భయం. నేను పోయి గల్లాపెట్టె వెనకాల కుర్చీలో కూర్చున్నా. "చేస్తాన్నా, దానికేం. ఒక్క మాట చెప్పు. పెనుకొండలో నా జాగా అమ్మిన దుడ్లతోనే కదా ఈ అంగడి పెట్టింది? అవునా, కాదా?" అని వీధి చివరికి వినపడేటట్టు అడిగినా.

ఫోన్లన్నీ పైకి లేచినాయి. ఆయన నోరు తెరిచినాడు. కాదని అనేస్తాడేమోనని పెండ్లాం ఆయన మోచేయి గట్టిగా పట్టుకునింది. తెరిచిన నోరు మూసుకున్నాడు.

"బోణీ వేళ ఈ పంచాయితీ ఏంటికమ్మా? లోపల కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు వాళ్ల తరఫు పెద్దాయన ఒకడు.

"ఇన్నేండ్లూ లోపలే మాట్లాడుకున్నాం పెద్దాయనా. ఇంక అందరి ముందరే" అన్నా.

నోరు మూసుకోవడం కోర్టులో సాక్ష్యం కాదని లాయరు తర్వాత చెప్పినాడు. కాకపోతే పాయె. జాగా కోసం కేసు నడస్తా ఉండాది, ప్రతి వాయిదాకీ నేనే పోతాండా. "నీకింక వేషాలు రావు" అని మేనేజరు మనుషులతో చెప్పి పంపినాడు. రాకపోతే పోనీ, జాగా మాత్రం వదిలేది లేదు.

ఆ పొద్దు నేను ఆ కుర్చీలోంచి లేయలేదు. నన్ను లేపే ధైర్యం ఒక్కరికీ రాలేదు. అప్పుడు జనంలోంచి ఒకామె వచ్చింది. కూతురి పెండ్లికి చీర తీసుకునేకి కనగానపల్లి నుంచి వచ్చిందంట. అరిటాకు రంగు చీర ఏరుకుని, దుడ్లు తెచ్చి నా చేతికే ఇచ్చింది. "ఈ బోణీ నీదే తల్లీ, తీసుకో" అనింది. ఆ నోట్లు కళ్లకద్దుకున్నా. గల్లాపెట్టెలో వేయలేదు. మేనేజరు చూస్తాండంగానే నా బ్యాగులో వేసుకున్నా. సినిమాల్లోకి పోయినంక నా దుడ్లు నేరుగా నా చేతికి వచ్చింది అదే మొదలు.