మెల్లగా ఊదిన వెంకటరమణప్ప

మొగుడి పేరు నోటితో చెప్పకూడదంటారు. చెబితే ఏమవుతుంది? నేను చెబుతాను. మా ఆయన పేరు వెంకటరమణప్ప. పుంగనూరు చుట్టుపక్కల పెళ్లి కుదిరితే ముందు పురోహితుణ్ణి, ఆ వెంటనే ఈయన నాదస్వరాన్ని మాట్లాడుకునేవాళ్లు. పక్కన డోలు మా మరిది మునిస్వామి. ఈయన తోడి రాగం ఎత్తుకున్నాడంటే వంటశాలలో గరిటెలు ఆగిపోయేవి. మొగుణ్ణి పొగుడుకుంటోందనుకుంటే అనుకోండి, నాకేం.

పంతొమ్మిది వందల నలభై రెండులో ఒక పెళ్లిలో వాయిస్తూ వాయిస్తూ దగ్గాడు. భుజం మీది తువ్వాలు ఎర్రబడింది. బండి కట్టించుకుని మదనపల్లె దగ్గర మిషన్ ఆస్పత్రికి తీసుకుపోయాం. క్షయ అన్నారు, కుడి ఊపిరితిత్తి బాగా దెబ్బతిందన్నారు. అక్కడ సంతోషమ్మ అని ఒక చిన్న నర్సు ఈయన్ని కన్నతండ్రిలా చూసుకుంది. ఆ పిల్ల లేకపోతే నా మెడలో ఈ పసుపుతాడు ఉండేది కాదు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గట్టిగా చెప్పాడు, ఇక నాదస్వరం ముట్టుకోవద్దని, రొమ్ము బిగబట్టి ఊదితే మళ్లీ రక్తం పడుతుందని.

ప్రాణం మిగిలింది గానీ మనిషి మిగల్లేదు. అన్నం కెలుకుతూ కూర్చునేవాడు. పలకరిస్తే ఊ అనేవాడు, అంతే.

రెండేళ్లకు మదనపల్లెలో చూపించుకుని వస్తూ ఒక ఇత్తడి వస్తువును గుడ్డలో చుట్టుకుని వచ్చాడు. పటాలం బ్యాండులో పనిచేసి వచ్చిన ఐజాక్ ఇచ్చాడట. సాక్సఫోను. చూడగానే నాకు ఒళ్లు మండింది.

"ఏమబ్బా, ఈ వంకర గొట్టాన్ని యాడ తెచ్చినావు? నీ రొమ్ము సంగతి మరిసినావా?"

"అరవగాకు మే. నాదస్వరాన్ని మెల్లిగా ఊదితే పలకదు. ఇది పలుకుతాది. సూడు."

ఊదాడు. నిజమే, మెల్లగానే పలికింది. నేను పొయ్యి దగ్గరికి పోయి, పొగ వంక పెట్టుకుని కళ్లు తుడుచుకున్నాను.

మీటలు నొక్కితే రాని గమకాన్ని పెదవులతో లాగడం నేర్చుకున్నాడు. కీర్తనలు వాయించాడు, దొరల బ్యాండు పాటలు వాయించాడు, నాటకాల వాళ్ల పక్కన కూర్చున్నాడు, చర్చిలో క్రిస్మస్ పాటలకూ పోయాడు. పెళ్లివాళ్లు మాత్రం "ఊరేగింపుకు రా, ముహూర్తానికి నాదస్వరమే ఉండాల" అనేవాళ్లు. సరేననేవాడు. ఏం వాయించినా సగం ఊపిరితోనే. పైస్థాయి వచ్చేసరికి పెదవి తీసేసి డోలుకు అప్పజెప్పేవాడు. జనం అది కూడా ఒక సొగసే అనుకున్నారు. అది భయమని నాకు తెలుసు. "మెల్లిగా అబ్బా, మెల్లిగా" అని గుమ్మం దాకా వెంటబడి చెప్పేది నేనే కదా!

నలభై ఎనిమిదిలో సంతోషమ్మ పెళ్లి కుప్పంలో జరిగింది. తాను చర్చిలోకి నడిచి వచ్చేటప్పుడు ఒక కీర్తన మెత్తగా వాయించమని ఆ పిల్లే అడిగింది. అన్నదమ్ములిద్దరూ ఓ పక్కన కూర్చున్నారు. కీర్తన వెన్నలా సాగింది. తర్వాత పెళ్లికొడుకు తాళి చేతికి తీసుకున్నాడు. ప్రార్థన చేద్దామని పాదిరిగారు చెయ్యెత్తాడు.

అయిపోయింది! మా వాళ్ల పెళ్లిళ్లలో తాళి పైకి లేచి, పురోహితుడు చెయ్యెత్తాడంటే గట్టిమేళం. చెడుమాట చెవిన పడకుండా ఒక్కసారిగా హోరెత్తించాలి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అదే అలవాటు. మునిస్వామి డోలు ఉరిమింది. ఈయన సాక్సఫోను ఎత్తి గుండె నిండా ఊపిరి పీల్చి ఊదాడు. చర్చి దద్దరిల్లింది. పాదిరిగారు చెయ్యి అట్లాగే పట్టుకుని నోరు తెరిచాడు. పెళ్లికొడుకు కంగారులో మూడు ముళ్లూ వేసేశాడు. ముళ్లు పడేదాకా గట్టిమేళం ఆపకూడదు కదా, వీళ్లు ఆపలేదు.

నాకు సంగీతం వినబడలేదు, ఆ ఊపిరే వినబడింది. ఆడవాళ్లను తోసుకుంటూ పరిగెత్తాను. ఈయన సాక్సఫోను దించి, తానేం చేశాడో అప్పుడు తెలిసి, తెల్లబోయి కూర్చున్నాడు. భుజం మీది తువ్వాలు లాగి ఆయన పెదవులు తుడిచి చూశాను. రక్తం లేదు. దగ్గు కూడా లేదు.

సంతోషమ్మ పెళ్లికొడుకును అక్కడే వదిలేసి, పూలదండతోనే వచ్చి ఆయన వీపుకు చెవి ఆనించింది.

"ఊపిరి తీయప్పా. ఇంకోసారి."

ఈయన గట్టిగా ఊపిరి తీసి వదిలాడు.

"రెండు పక్కలా వస్తాండాది రెడ్డెమ్మా," అని ఆ పిల్ల నన్ను వాటేసుకుంది. "కుడి పక్క కూడా బాగా వస్తాండాది."

ఇన్నేళ్లూ మెల్లిగా, మెల్లిగా అని ఆయన ప్రాణం తోడేసిన నేనే, చర్చి అని కూడా చూడకుండా అరిచాను.

"ఊదబ్బా! ఇంకా గట్టిగా ఊదు!"

ఊదలేదు. ఏడుస్తూ సాక్సఫోను ఎవరు ఊదగలరు, చెప్పండి?