నిన్నటి నీళ్ల కోసం వీధంతా తిరిగాను

మా చిన్నప్పుడు... చిత్తూరులో మా వీధికి రెండు రోజులకోసారి కొళాయి వచ్చేది. ఆ పొద్దున ఇంటింటా ఒకటే హడావిడి. పాత నీళ్లు చెట్లకు పారబోసి, అండాలు, బిందెలు చింతపండుతో తోమి, కొత్త నీళ్లు పట్టుకోవాలి. మిగిలిన నీళ్లు ఎన్నాళ్లవైనా మాకు నిన్నటి నీళ్లే, పాచి నీళ్ల కిందే లెక్క.

నేను ఆరో తరగతిలో ఉండగా, నా స్నేహితురాలు షాహీన్ వాళ్లు పెళ్లికని నాలుగు రోజులు వాణియంబాడి వెళ్తూ, చేపల గాజుతొట్టి మా ఇంట్లో పెట్టి వెళ్లారు. మూడు బంగారు రంగు చేపలు... వాటిని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు షాహీన్. అలాంటిది నాకు అప్పగించింది!

"నీళ్లన్నీ మార్చొద్దే. మురికైతే రెండు చెంబులు తీసి, నిన్నటి నీళ్లు పొయ్యి. అప్పుడే పట్టిన కొళాయి నీళ్లు పోస్తే సచ్చిపోతాయి" అని మరీ మరీ చెప్పింది.

నేను విన్నానా? వాళ్లొచ్చే రోజే కొళాయి వచ్చింది. తొట్టి చూస్తే మసక మసగ్గా ఉంది. ఇట్లా తిరిగిస్తే నా పరువేం కాను! చేపల్ని చెంబులోకి తీసి, బిందెలతో పాటు తొట్టినీ ఒంపేసి, తోమి, కొళాయి కింద పెట్టాను. ముందు రోజు వాన పడిందని మందు ఎక్కువ కలిపారేమో, నీళ్లు గుప్పుమని బ్లీచింగ్ వాసన కొడుతున్నాయి. అయినా చేపల్ని వదిలేశాను.

కాసేపటికి మూడూ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఒకటి పక్కకు ఒరిగిపోయింది. అమ్మో... మధ్యాహ్నానికి షాహీన్ వచ్చేస్తుంది!

"అమ్మా, నిన్నటి నీళ్లు యాడుండాయి?"

"ఇప్పుడే గదే, అన్నీ పారబోసినా!"

బకెట్ పట్టుకుని పరిగెత్తాను. ఎదురింట్లో లేవు. పక్కింట్లో లేవు. "పాచి నీళ్లెందుకు పాపా, తాజావి పట్టుకోనిపో" అని అందరూ ఆ బ్లీచింగ్ నీళ్లే చూపిస్తున్నారు. ఏడుపు తన్నుకొచ్చింది.

వీధి చివర టైలర్ తాత ఉండేవాడు. డ్రమ్ము తోమడని వీధంతా ఆయన్ని వెక్కిరించేది, నేను కూడా.

"తాతా, పాత నీళ్లుండాయా?"

"ఉండాయి పాపా, మొన్నటివి. నువ్వు గూడా నన్ను తిట్టను వచ్చినావా?"

అక్కడే భోరుమన్నాను. బకెట్ నింపుకొని వచ్చి చేపల్ని అందులోకి మార్చాను. రెండు మెల్లగా తేరుకున్నాయి. ఒరిగిన చేప మాత్రం లేవలేదు. ఆ నీళ్లే తొట్టిలో పోసి, మిగిలిన రెంటినీ వదిలి కూర్చున్నాను.

మధ్యాహ్నం షాహీన్ పెళ్లి మిఠాయి పట్టుకుని నవ్వుతూ వచ్చింది. తొట్టిలోకి చూసి ఆగిపోయింది. "కొళాయి నీళ్లు పోసినావా?"

భయమేసింది. "లేదే... దానంతట అదే సచ్చిపోయింది" అన్నాను. నమ్మింది. పైగా నా కళ్లు తుడిచి, మిఠాయి నా నోట్లో పెట్టింది.

ఇప్పుడు మా ఇంట్లో ఎప్పుడు తిప్పితే అప్పుడు నీళ్లు. అండాలు లేవు, తోమడాలు లేవు... వీధంతా తిరిగినా ఎవరింట్లోనూ నిన్నటి నీళ్లుండవు. మా అమ్మాయి చేపల కోసం మాత్రం ముందు రోజే బకెట్ నింపి, ఆ మందు పోయేలా మూత తీసి పెడతాను. బ్లీచింగ్ వాసన తగిలితే ఇప్పటికీ ఆ ఒరిగిన చేపే గుర్తొస్తుంది.

మీరూ ఇట్లా భయపడి దాచిపెట్టింది ఏదైనా ఉంటే కింద రాయండి... నాకు తోడుంటుంది.

షాహీన్, నువ్వు యాడుండావో తెలీదు. ఇది నీ కంటబడితే... ఆ పొద్దు కొళాయి నీళ్లు పోసింది నేనేనే.