తప్పు లేనివి

వరంగల్‌లో నేను చదివిన కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ సామాన్లు చూసుకునే ఆవిడను అందరం అక్కా అనే పిలిచేవాళ్ళం. ఆమెకు సర్క్యూట్ బోర్డు మీది భాగాలతో మాట్లాడే అలవాటుండేది.

ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తిలో తేమ కొలవడానికి నేను బ్యాటరీతో నడిచే మీటర్ ఒకటి చేశాను. వాడకుండా పక్కన పెట్టినా వారం తిరక్కుండానే దాని బ్యాటరీ అయిపోయేది. తప్పంతా వోల్టేజ్ రెగ్యులేటర్‌దేనని ఒక సాయంత్రం ల్యాబ్‌లో కూర్చుని మూడుసార్లు ఆ చిప్ మార్చి, తీసినవి చెత్తబుట్టలో పారేశాను. మర్నాడే ప్రాజెక్టు చూపించాలి. ఏడుపొక్కటే తక్కువ.

"జర ఆగు చెల్లె. పని లేనప్పుడు గూడ తింటాంది ఎవలో చూద్దాం" అని అక్క బ్యాటరీకీ బోర్డుకూ మధ్య కరెంటు కొలిచే మల్టీమీటర్ పెట్టింది. ఒక్కో భాగానికి ఒక కాలు ఊడదీసి అంకె చూసేది. కరెంటు తగ్గకపోతే "నువ్వు గాదు తీ" అని దాన్ని వేలితో నిమిరి, మళ్ళీ అతికించేది.

చివరికి రెండు రెసిస్టర్ల దగ్గర కాలు ఊడదీయగానే అంకె దాదాపు సున్నాకు పడిపోయింది. బ్యాటరీ ఎంత మిగిలిందో చూపడానికి నేనే వాటిని తగిలించాను. అవే రాత్రింబవళ్ళు బ్యాటరీని తాగేస్తున్నాయి.

"ఇవేనా అక్కా దొంగలు?" అన్నాను కోపంగా.

"వాటిదేం తప్పు? పెట్టింది నువ్వు గదా" అని నవ్వింది.

తర్వాత వంగి చెత్తబుట్టలోంచి నా మూడు చిప్పులనూ ఏరింది. వాటిని తుడిచి, మూత మీద "తప్పు లేనివి" అని రాసిన ఒక పాత మందుల డబ్బాలో వేసింది.

ఆ డబ్బా అప్పటికే సగం నిండి ఉంది.