తారీఖు అడిగిన ఫొటో

నారాయణఖేడ్‌లో నలుపు తెలుపు ఫ్యాషన్ ఫొటోను చూడటం తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. బొంబాయి స్టూడియోలో మూడేళ్లు లైట్లు పట్టి నేర్చుకున్నానని అందరికీ చెబుతాను. అబద్ధం. బస్‌డిపో దగ్గర పాత పేపర్ల కొట్టులో దొరికిన ఒక విదేశీ పత్రిక, అంతే నా చదువు.

అందులో ఒక ఫొటో. నల్లకోటు వేసుకున్న ఆడమనిషి ఒక అంచున నిలబడి ఉంటుంది. ముప్పాతిక భాగం ఖాళీ గోడే. వెలుతురు మెడ మీద, ఒక చెంప మీద మాత్రమే పడుతుంది. ఆమె ఫొటో బయట దేన్నో చూస్తుంటుంది, అదేమిటో మనకు చూపరు. కోటు అమ్ముకోవడానికి తీసిందే. అయినా చూసిన ప్రతిసారీ ఆ ఖాళీలోంచి ఏదో రాబోతున్నట్టుంటుంది. రంగులుంటే కన్ను కోటు మీదే ఆగేది. లేవు కనుక చీకటి మీదికి పోతుంది.

నా భార్యకు ఎల్లుండి హైదరాబాద్‌లో గుండె ఆపరేషన్. గట్టెక్కుతుందా అని అడిగితే డాక్టరు ఔననలేదు, కాదనలేదు. నిన్న పొద్దున ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టి, ముఖం సగం నీడలో ఉంచి, పక్కనంతా ఖాళీ వదిలి సెల్‌ఫోన్‌తో తీశాను.

"అటు ఏం జూడాలె? గోడనే ఉన్నది గద!"

"గోడనే చూడు."

ప్రింటు కోసం బజార్లో స్టూడియోకు పోయాను. స్టూడియో ఆయన ఫొటోను తెర మీద పెద్దది చేసి, గొంతు తగ్గించాడు.

"ఎప్పుడైంది కాకా? తారీఖు చెప్పు, కింద రాస్త. దండ గులాబీలదా, బంతిపూలదా?"

మా దగ్గర ఈ రోజుల్లో నలుపు తెలుపు ఫొటో చేయించారంటే ఇంట్లో ఒకరు పోయినట్టే లెక్క.

"బతికే ఉన్నది! గిది కళ, నీకేం ఎర్క!" అని అరిచి, వెలుతురు గురించీ నీడ గురించీ పావుగంట దంచాను. పావుగంటేం కాదు, రెండు ముక్కలే. ఆయన పడింది పొరపాటు కాదు మరి. పోతే గోడకు మంచిదొకటి ఉండాలనే తీశాను. రంగు తీసేసింది కూడా నేనే.

ఉత్త చేతులతో ఇంటికొచ్చాను.

"ఏది ఫొటో?"

"మంచిగ రాలె."

"ఎందుకు రాలె? దండకు జాగ మంచిగనే ఇడిచినవ్ గద!"

ఫోను లాక్కుని నన్ను కుర్చీలోకి నెట్టింది.

"ఇగ నువ్వు కూసో. ఎవరిది ముందు అక్కరకొస్తదో ఏమెర్క."

పక్కకు చూడమంది. నేను చూడలేదు.