ఇప్పచెట్టు కింది ఆకులు

నాకు బడిలో నేర్పింది ఉర్దూ. తెలుగు నేను సొంతంగా నేర్చుకున్నాను. అది నిజాం రాజ్యం చివరి రోజుల మాట. నారాయణఖేడ్‌లో ఒక వకీలు తన ఇంటి ముందరి గదిని పుస్తకాల కోసం ఇచ్చాడు. నా సాయంత్రాలన్నీ అక్కడే గడిచేవి. ఆ గదిలోని పుస్తకాలన్నిటినీ, పాత పంచాంగాలతో సహా, చదివినవాణ్ని నేనొక్కణ్నే. ఈ వయసులో ఆ మాట రాస్తున్నా నాకు గర్వంగానే ఉంది.

అమ్మ పోయాక నన్ను పెంచింది మా పెద్దమ్మ. ఆమెకు పిల్లలు లేరు, పెనిమిటి లేడు. ఉన్నదల్లా సిర్గాపూర్ దారిలో గుట్ట కింద, అడవిని ఆనుకున్న చిన్న జొన్నచేను, ఆ చేని గట్టు మీద ఒక ఇప్పచెట్టు. ఎండలు ముదరక ముందే ఆ చెట్టు ఆకంతా రాల్చేసి, ఆ తరువాత తెల్లవారుజాముల్లో పువ్వు రాల్చేది. పెద్దమ్మ ఆ పువ్వు ఏరి, ఎండబెట్టి, కుండలో దాచేది. వానాకాలంలో జొన్నలు అడుగంటినప్పుడు దాన్ని వేయించి, దంచి, ముద్దలు చేసి పెట్టేది. తియ్యగా, కొంచెం వగరుగా ఉండే ఆ ముద్దలతోనే నేను పెరిగాను.

పువ్వు మొదలయ్యే ముందు చెట్టు కింద రాలిన ఆకును కాల్చడం మా వైపు అందరి అలవాటు. కాలిన నేల మీద పువ్వు బాగా కనిపిస్తుంది, ఏరుకోవడం సులువు. పెద్దమ్మ కూడా ఏటా కాల్చేది.

ఒక వానాకాలం గాలికి ఆ చెట్టు పెద్దకొమ్మ విరిగిపడింది. చూస్తే లోపలంతా బోలు. ఆ రోజు నుంచి పెద్దమ్మకు ఒకటే దిగులు.

"దీని పిల్ల ఒక్కటన్న నిలవాలె కొడుకా. రేపు నేను పోతే నీకు ముద్ద ఎవలు వెడ్తరు? చెట్టన్న పెడ్తది."

చెట్టు కింద ఏటా వానలకు మొలకలు వచ్చేవి. ఎండాకాలం నిప్పుకు మాడిపోయేవి. ఒక ఏడు ఆమె ఒక మొలక చుట్టూ రాళ్లు పేర్చింది. నిప్పు దాన్ని తాకలేదు. అయినా ఆ ఇటుకలాంటి నేలలో అది పాలిపోయి, మెల్లగా ఎండిపోయింది. వాకిట్లో విత్తనం వేసి చూసింది, అదీ నిలవలేదు.

అలాంటి రోజుల్లో నాకు ఆ వకీలు గదిలో అట్ట చిరిగిన వ్యవసాయ పుస్తకం ఒకటి దొరికింది. అడవి నేలలో కంటికి కనిపించని ప్రాణులు లెక్కలేనన్ని ఉంటాయని, రాలిన ఆకే వాటి తిండి అని అందులో రాసి ఉంది. అవి ఆకును తిని బొగ్గుపులుసు వాయువును విడిచిపెడతాయి, చెట్లు దాన్ని మళ్లీ ఆకుగా మలుచుకుంటాయి. తినగా మిగిలింది నల్లమట్టిగా నేలలో ఉండిపోతుంది. ఆకులో చిక్కుకున్న నత్రజనిని కూడా ఆ ప్రాణులే విడదీసి వేళ్లకు అందిస్తాయి. నేను పుస్తకం మూసి నేరుగా చేనికి నడిచాను.

పెద్దమ్మ అప్పటికే పెంకులో నిప్పులు తెచ్చుకుని చెట్టు కింద వంగి ఉంది.

"పెద్దమ్మా, ఆగు! నిప్పు పెట్టకు."

"ఏందిర, పాము కనవడ్డదా?"

"పాము కాదు. గీ ఆకుల నత్రజని ఉన్నది."

"గదేం జంతువుర?"

"జంతువు కాదు, చెట్టుకు బలం. కాలవెడితే పొగల కలిసి పోతది."

"బూడిద మిగుల్తది గద. బూడిద ఎరువు గాదా?"

"బూడిదల ఉప్పులుంటయి. నత్రజని ఉండదు."

"పొగల గంత బలముంటే ఇగ వంటెందుకు? పొయ్యి ముంగట కూసుంటే సాలు" అని నవ్వింది. పెంకు మాత్రం కింద పెట్టలేదు.

నేను ఆమెను గుట్ట మీదికి, నిప్పు ఎన్నడూ చేరని బండల వెనక్కి తీసుకుపోయాను. అక్కడ మోదుగుల కింద చెయ్యి పెట్టి తవ్వాను. పైన ఎండుటాకు. దాని కింద ఈనెలు మాత్రమే మిగిలిన మెత్తటి ఆకు. ఇంకా కింద నల్లమట్టి, అందులో సన్నటి తెల్ల దారాలు. పెద్దమ్మ పిడికెడు తీసుకుని వాసన చూసింది. చాలాసేపు చూసింది.

"గీ దారాలేంది?"

"బూజు అసొంటిది. అదీ ఆకును తింటది. కండ్లకు కనవడనియి ఇంకా మస్తున్నయి. అన్ని కలిసి ఆకును మన్ను చేస్తయి."

"అంటే పాలకు తోడేసినట్టు?"

పుస్తకంలో ఆ మాట లేదు. అంతకన్నా మంచి మాటా లేదు. అవునన్నాను. ఆమె నిప్పుల్ని బండ మీద గుమ్మరించి, నల్లమట్టిని కొంగున మూట కట్టుకుంది. మా చెట్టు కింద అదంతా చల్లి, దాని మీద ఆకులు కప్పింది.

"తోడేసినంక మూత వెయ్యాలె గద" అంది.

మరి పువ్వు ఏరేదెట్లా? దానికి నా పుస్తకం దగ్గర జవాబు లేదు. పెద్దమ్మ సందుగలోంచి పాత చీరలు తీసి ఆకుల మీద పరిచింది. పువ్వు చీరల మీద రాలింది. దారిన పోయే పక్కచేను ఆమె ఆగి నవ్వింది.

"ఏందక్కా, చెట్టుకు పక్కేసినవు? కాన్పు చేస్తున్నవా?"

"అవునే. మనుమడు పుడ్తడు. ఉయ్యాల ఊపను నువ్వే రావాలె."

ఆ ఏడు పువ్వు తక్కువొచ్చింది. చీరలు చెట్టు కిందంతా సరిపోలేదు, ఆకుల్లో రాలిన పువ్వు చేతికి రాలేదు. వానాకాలంలో పెద్దమ్మ తన ముద్దలో సగం నా కంచంలో వేసి ఆకలి లేదనేది. నేను గదికి వెళ్లి ఆ పుటే మళ్లీ చదివాను. పుస్తకం తప్పయితే ఏం చేయాలో ఏ పుస్తకంలోనూ లేదు.

మొలకలైతే వచ్చాయి. మరుసటి ఎండాకాలం పక్కచేనులో పెట్టిన నిప్పు గాలికి మా ఆకుల్లోకి పాకింది. మేమిద్దరం పచ్చికొమ్మలతో కొట్టాం. చెట్టుకు పక్కేసినవని నవ్విన ఆమే పరుగెత్తుకొచ్చి మాతోపాటు కొట్టింది. సగం ఆకు కాలింది. గుట్ట వైపున ఒక్క మొక్క మిగిలింది. ఎండలు మండినన్నాళ్లూ పెద్దమ్మ దాని మొదట్లో ఆకుల కింద వేలు పెట్టి చూసేది.

"సల్లగనే ఉన్నది" అని నాకు చెప్పేది, జ్వరం తగ్గిన బిడ్డను తాకి చెప్పినట్టు.

తొలివానకు ఆ మొక్క రాగిరంగు చిగురు వేసింది.

కొన్నేళ్లకు గాలివానకు ముసలిచెట్టు కూలింది. చిన్నచెట్టు అప్పటికి పెద్దమ్మ నడుము దాకా వచ్చింది. కట్టెలమ్మే మనిషి బండి తోలుకుని వచ్చాడు.

"అవ్వా, గీ మొద్దు ఇస్తవా?"

"కొమ్మలు కొట్టుకపో. మొద్దు జోలికి రాకు."

"బోలు మొద్దు. ఏం చేసుకుంటవ్?"

"దాన్ని తినేటోళ్లున్నరు. తిని గీ పోరగానికి పెడ్తరు" అని చిన్నచెట్టును చూపించింది.

అతను తెల్లబోయి చూశాడు. పెద్దమ్మ నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు కొడుకా. మెల్లగ చెప్పు. పాపం, సదువుకోలేదు."

నేను మొద్దు మీద అతని పక్కన కూర్చుని, ఆకు దగ్గర మొదలుపెట్టాను.