బొట్టు పెట్టిన బొమ్మలు

ఆ రోజుల్లో మహారాష్ట్రలోని భివండీలో, మా పద్మనగర్‌లో చప్పుడుకు ఎవరూ ఉలిక్కిపడేవాళ్లు కాదు, చప్పుడు ఆగితేనే ఉలిక్కిపడేవాళ్లు. సాంచాలు (మరమగ్గాలను మేమట్లాగే అంటాం) పగలూ రాత్రీ ఆడుతూనే ఉండేవి. వాటి మధ్య పుట్టి పెరిగినవాళ్లం కాబట్టి మా గొంతులు పెద్దవి, మా గొప్పలు ఇంకా పెద్దవి. నాకప్పుడు పదిహేడేళ్లు. ఏడో తరగతితో చదువుకు దండం పెట్టి మా మేనత్త కార్ఖానాలో కండెలు చుట్టేదాన్ని. చేతిలో దారం, నోట్లో మాట, రెండూ తెగకుండా నడిచేవి. అత్తకు ఇరవై సాంచాలు, ఒక్కటే నోరు. ఆ నోటికే ఇరవై సాంచాలూ భయపడేవి. వాడకట్టంతా ఆమెను 'జడ్జి' అనేవాళ్లు (ఆమె లేనప్పుడు).

ఆ ఏడు దసరాకు ముందు అత్త ఏదో పని మీద నన్ను పక్క పేట కనేరికి పంపింది. అక్కడ ఒక చాల్ (కార్మికులుండే వరస గదులు) ముందు, మా కరీంనగర్ వైపు నుంచే వచ్చిన సాంచాల కార్మికుడి కూతురు, ఆరేడేళ్లది, ఖాళీ కండెకు గుడ్డపేలిక చుట్టి ఒళ్లో పడుకోబెట్టి జో కొడుతోంది. నీ బిడ్డకు ముక్కేదే అని ఊరికే అడిగాను. ఆ పిల్ల తల కూడా ఎత్తలేదు. "ముక్కున్న బొమ్మలు దుకాన్ల ఉంటయి. ఇది మా ఇంట్ల పుట్టింది" అంది. నాకేమైందో ఏమో, దసరా నాడు నీకు ముక్కున్న బొమ్మ తెస్తా, నీకే కాదు, ఈ చాల్‌లో పిల్లలందరికీ తెస్తా అనేశాను. తిరిగొచ్చే దారిలో ఆలోచిస్తే తెలిసింది, పిల్లలు పద్నాలుగు మంది, నా దగ్గర బొమ్మ ఒక్కటీ లేదు.

మా వాడకట్టులో ఒక మహిళా మండలి ఉండేది. బతుకమ్మకు అందరం ఏ రంగు చీర కట్టాలని కొట్లాడుకోవడం తప్ప దానికి వేరే పని లేదు. ఆ కొట్లాట మధ్యలో దూరి, మీ పిల్లలు ఆడి విడిచిన బొమ్మలు ఇవ్వండి, కనేరి పిల్లలకు పంచుదాం అన్నాను. అందరూ సరే అన్నారు. ఇక చూడండి, ఒక చెవి లేని ఎలుగుబంటి వచ్చింది, మూడు చక్రాల లారీ వచ్చింది, కీ పోయిన డప్పు కోతి వచ్చింది. ఒక పెద్దమ్మ మిక్సీ మూత తెచ్చిచ్చి, తిప్పితే తిరుగుతుంది బిడ్డా అని తిప్పి మరీ చూపించింది. పక్కింటి పిన్ని హెలికాప్టర్ ఇచ్చి, కొడుకు బాధపడతాడని మూడుసార్లు వెనక్కి అడిగింది. (ఆ కొడుకు అప్పటికే మీసాలొచ్చి ఊరవతల పూర్ణ గోదాముల్లో లోడింగ్ పనికి పోతున్నాడు.) అన్నిటినీ కడిగి, ఎలుగుబంటికి చెవి కుట్టి, లారీకి నాలుగో చక్రంగా సీసా మూత బిగించాను. నీలం గౌను తొడుక్కున్న, చక్కటి ముక్కున్న బొమ్మ ఒకటి కనేరి పిల్లకని పక్కన పెట్టాను. మా ఇంట్లో ఒక గది, ఆరుగురు మనుషులు. అందుకే రెండు బస్తాలూ తీసుకుపోయి అత్త కార్ఖానాలో ఒక మూలకు ఆనించాను. తెలివితక్కువతనం అక్కడ మొదలైంది.

దసరా పొద్దున కార్ఖానా కడిగి పనిముట్లకు పూజ చేస్తాం. సాంచాలకు, నాడెలకు, మోటార్లకు, నూనె డబ్బాకు, ఆఖరికి చీపురుకు కూడా బొట్టు పెట్టాలి. ఒక్కసారి పూజ అయ్యాక, మర్నాడు పొద్దున ఉద్వాసన చెప్పేదాకా వేటినీ ముట్టకూడదు, జరపకూడదు. ఆ రోజు వాటికి విశ్రాంతి. బొట్లు పెట్టే పని ఏటా నాదే. కిందటేడు ఒక పానాకు బొట్టు మరిచిపోయాను. వారం తిరగకుండా మోటారు కాలింది, ఏడాదంతా ఆ మాట నాకు అన్నంలో కలిపి పెట్టింది అత్త. అందుకని ఈసారి పట్టుదలగా మొదలుపెట్టాను. చేతికి అందిన ప్రతిదానికీ పసుపు, కుంకుమ. ఆ ఊపులో బస్తాల దగ్గరికి వచ్చి, పంచబోయే ముందు దేవుడి చేయి పడితే మంచిదే కదా అని, బస్తాలు విప్పి ఎలుగుబంటికి, కోతికి, మిక్సీ మూతకు, నీలం గౌను బొమ్మకు, అన్నిటికీ తీర్చి తీర్చి బొట్లు పెట్టాను. అత్త కొబ్బరికాయ కొట్టింది, హారతి ఇచ్చింది. నేను సంతోషంగా బస్తా ఎత్తబోయాను. అత్త చేయి అడ్డం పెట్టింది.

"అత్తా, అవి ఆట బొమ్మలు. పనిముట్లు గావు గదా."

"బొట్టెవ్వరు పెట్టిండ్రు?"

"నేనే."

"మరింకేంది? పనిముట్లని నువ్వే ఒప్పుకుంటివి. పూజల కూసున్నదాన్ని లేపద్దు. రేపు ఉద్వాసన జెప్పినంక ఎటన్న తీస్కపో."

రేపటికి వీల్లేదు. కనేరి పిల్ల తండ్రి పనిచేసే కార్ఖానా సేఠ్ సాంచాలను తుక్కు కింద అమ్మేశాడని, వాళ్లు మర్నాటి తెల్లవారుజాము బండికి ఊరికి వెళ్లిపోతున్నారని నాకు ముందురోజే తెలిసింది. మళ్లీ భివండీకి వస్తారో రారో. ఆ సంగతి అత్తకు చెప్పడానికి నోరు రాలేదు. ఊరంతా వినపడే నోరు, అవసరానికి మూతపడింది.

మధ్యాహ్నం కనేరికి వెళ్లాను, ఈ రోజు కుదరదని చెప్పి వద్దామని. చాల్ ముందు పద్నాలుగు మంది తలకు నూనె పెట్టుకుని, పౌడర్లు రాసుకుని వరసగా నిలబడి ఉన్నారు. ఆ పిల్ల అందరికంటే ముందు, బొమ్మను మోసుకుపోవడానికి ఒక సంచి పట్టుకుని. నడువుండ్రి నా ఎంట అన్నాను. ఎక్కడికో, ఎందుకో నాకే తెలియదు. కాళ్లు కార్ఖానా దారి పట్టాయి, పద్నాలుగు మందీ నా వెనక.

కార్ఖానాలోకి పిల్లలను ఎప్పుడూ రానివ్వరు, చేతులు పోతాయని భయం. ఆ రోజు సాంచాలన్నీ పూలు పెట్టుకుని ఊరుకున్నాయి. పిల్లలు గడపలోనే ఆగిపోయారు. ఆ పిల్ల మాత్రం నేరుగా బస్తా దగ్గరికి వెళ్లి, పైన కనిపిస్తున్న నీలం గౌను బొమ్మ ముందు కూర్చుంది. అత్త లేచింది. పిల్ల చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది.

"ముట్టనవ్వా. సూసి పోత. పొద్దుగాల బండికి పోవాలె."

అత్త నా వైపు చూసింది. నేను ఉన్న సంగతంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఆమె సాంచాలను చూసింది, తరువాత బస్తాలను చూసింది. తీర్పు చెప్పేముందు కొంగు సర్దుకోవడం ఆమెకు అలవాటు. సర్దుకుంది.

"సాంచకు నడుసుడు పని, అందుకే ఇయ్యాల ఆపినం. మరి వీటికి ఏం పని? ఇన్నొద్దులు బస్తాల పండుడే గద. ఇయ్యాల వీటికి గూడ ఛుట్టి. బయటికి తియ్యుండ్రి. గడప మాత్రం దాటద్దు."

ఆ సాయంత్రం దాకా కార్ఖానాలో లారీ సాంచాల కింద నుంచి తిరిగింది, ఎలుగుబంటి మోటారు మీద నిద్రపోయింది. మిక్సీ మూత కోసం ఇద్దరు జుట్టు జుట్టు పట్టుకున్నారు (పెద్దమ్మ మాటే నిజమైంది). పొద్దు వాలుతుండగా ఆ పిల్ల తండ్రి వచ్చాడు. పిల్ల ఏడవలేదు. బొమ్మను తీసుకెళ్లి బస్తాలో పడుకోబెట్టి, పైన గోనె కప్పి, తండ్రి చేయి పట్టుకుంది. అప్పుడు అత్త ఆగమంది. గోనె తీసింది. బొమ్మ మీద ఒక పువ్వు, నాలుగు అక్షింతలు వేసి, రేపు ఇరవై సాంచాలకు చెప్పవలసిన ఉద్వాసన ఆ ఒక్క బొమ్మకు చెప్పి, కొంచెం ఉత్తరానికి జరిపి, ఎత్తి పిల్ల సంచిలో పెట్టింది.

"తీస్కపో బిడ్డా. దీని పూజ అయిపోయింది."

మిగతావాటి సంగతేమిటని అడగబోయాను. అత్త చూసిన చూపుకు నోరు మూసుకున్నాను. (మిగతా పిల్లలు మర్నాడు వచ్చి తీసుకుపోయారు.)

ఆ సాయంత్రం జమ్మి ఆకులు పంచుకునే చోట వాడకట్టంతా నన్ను చుట్టుముట్టింది. పూజ రోజు పిల్లలను కార్ఖానాలో ఆడించాలని ఎంత బాగా తట్టిందే నీకు అని ఒకరు, చదువు లేకున్నా బుర్ర ఉందని ఇంకొకరు. నేను కాదనలేదు. సిగ్గుపడుతున్నట్టు తల వంచుకున్నాను. అత్త పక్కనే నిలబడి అంతా వింటోంది. ఒక్క మాట చెబితే నా గొప్పంతా అక్కడే కూలిపోయేది. నేను భయం భయంగా ఆమె చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లకు మొక్కాను. ఆమె నా తల మీద చేయి పెట్టి, ఊరుకుంది.

ఇప్పటికీ మా దగ్గర దసరా నాడు పూజ అయ్యాక పిల్లలు కార్ఖానాలో ఆడుకుంటారు. ఈ ఆనవాయితీ మొదలుపెట్టింది ఈమెనే అని కొత్త కోడళ్లకు నన్ను చూపిస్తారు. ఆ పదిహేడేళ్ల పిల్ల కనిపిస్తే చెవి మెలిపెట్టాలనిపిస్తుంది గానీ, ఏం చేయను, పొగడ్త వినగానే నేనిప్పుడూ అట్లాగే తల వంచుకుంటాను. వంచుకున్నాక నవ్వుకుంటాను.