రెడ్డెప్పకు చదువొచ్చని రాసుకున్న మా మునిరత్నం సారు

నిన్న పొద్దున హోసూరు బస్టాండులో టీ తాగుతుండగా ఫోన్ వచ్చింది.

మునిరత్నం సారు ఇక లేరు.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట. మొన్న ఆదివారమే మాట్లాడాను. "మోకాళ్ళు తప్ప అన్నీ బాగుండాయమ్మా" అన్నారు. గ్లాసు అక్కడే పెట్టేసి కృష్ణగిరి బస్సెక్కాను.

ఆయన మా స్కూల్లో తెలుగు మాస్టారు. నేను కొత్తగా చేరిన లెక్కల టీచర్ని. 2001 జనాభా లెక్కలకు ఇద్దరికీ తమిళనాడు సరిహద్దులోని బర్గూరు వైపు డ్యూటీ పడింది. పక్కపక్క బ్లాకులు, కలిసే తిరిగేవాళ్ళం.

మేమంతా "చదువొచ్చా?" అని అడిగి, వచ్చంటే వచ్చని, రాదంటే రాదని రాసుకుని పోయేవాళ్ళం. సారు అలా కాదు.

ఏ భాషైనా సరే, అర్థం చేసుకుని చదవడం, రాయడం వస్తేనే అక్షరాస్యులని రూలు. అందుకని సంచిలో తెలుగు, తమిళం, కన్నడం పేపర్లు మూడూ పెట్టుకుని ఇంటింటా చదివించేవారు. ముసలమ్మలు కూడా పరీక్ష హాల్లో కూర్చున్నట్టు బిగుసుకుపోయేవాళ్ళు. లేటవుతోందని నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు గ్రానైట్ క్వారీ పక్కన రేకుల షెడ్లకు వెళ్ళాం. పలమనేరు వైపు నుంచి, కోలారు వైపు నుంచి పనికొచ్చిన కుటుంబాలు.

అక్కడ రెడ్డెప్ప అని ఒకాయన తెలుగు పేపరు తీసుకుని గడగడా చదివేశాడు. పేరు రాయమంటే ఊరూ తాలూకాతో సహా రాశాడు. అతని భార్య నాగమ్మ గుమ్మంలో నిలబడి మురిసిపోయింది.

సారు సంతోషంగా ఫారం నింపారు. తర్వాత దారి మలుపులో ఉన్న ఎర్ర బోర్డు చూపించారు.

"అది చదువప్పా."

రెడ్డెప్ప నవ్వాడు. "అది అరవం కదా సార్, నాకు రాదు. పేల్చేటప్పుడు మేస్త్రి కేకేస్తాడులే."

బోర్డు మీద తమిళంలో ఉన్నది బండలు పేల్చే టైము. ఆ టైముకు ఈ దారిన రావద్దని.

సారు ముఖం మారిపోయింది. మిగతా షెడ్లలోనూ అడిగారు. కొందరికి తెలుగు వచ్చు, కొందరికి కన్నడం వచ్చు. ఆ బోర్డు మాత్రం ఒక్కరికీ రాదు. మా ఫారాల్లో వాళ్ళు చదువొచ్చినవాళ్ళే.

"క్వారీ ఆఫీసుకి పోయి చెప్పి వద్దాం రామ్మా. అన్ని భాషల్లోనూ రాయమందాం."

"మన పని రాసుకోవడమే కదా సార్. ఇంకా ముప్పై ఇళ్ళుండాయి, బస్సు పోతుంది. రేపు చెప్దాం" అన్నాను.

ఆయన కాసేపు బోర్డు వైపే చూసి నా వెనకే వచ్చేశారు.

మర్నాడు ఇంకో ఊరు. ఆ మర్నాడు మరో ఊరు. ఎక్కడో బండ పేలిన శబ్దం వస్తే చాలు, సారు నడక ఆపేసేవారు. అయినా నేను ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

జనాభా లెక్కల్లో చివర ఇంకో రౌండ్ ఉంటుంది. మొదటిసారి వెళ్ళొచ్చాక ఎవరు పుట్టారో, ఎవరు పోయారో కనుక్కుని ఫారం సరిచేయాలి.

ఆ రౌండ్‌కు వెళ్ళేసరికి నాగమ్మ సామాన్లు మూట కడుతోంది.

రెడ్డెప్ప నాలుగు రోజులు సొంతూరికి పోయి వచ్చాడట. ఆలోగా పేల్చే టైము సాయంత్రం నుంచి మధ్యాహ్నానికి మార్చారు. బోర్డు మీద తమిళంలోనే దిద్దారు. మేస్త్రి కేక షెడ్ల వరకే వినిపించింది. రెడ్డెప్ప బస్సు దిగి ఆ దారినే నడిచి వస్తున్నాడు.

నాగమ్మ ఏడవలేదు. సారును ఒకటే అడిగింది.

"చదువొచ్చని మీరే రాసుకుంటిరి కదా సార్. మరి బోర్డు చూసుకోకుండా ఎట్ల వచ్చినాడు?"





సారు పెన్ను తీసి ఫారంలో రెడ్డెప్ప పేరు కొట్టేశారు.

ఆ సాయంత్రం ఒక్కరే ఆఫీసుకు వెళ్ళారు. నీకేం పని ఇక్కడ అని తరిమేశారు. పెయింటు కొనుక్కొచ్చి బోర్డు కిందున్న బండ మీద తెలుగులో, కన్నడంలో తనే రాశారు. వాళ్ళు చెరిపేశారు. మళ్ళీ రాశారు. రిటైరయ్యేదాకా సెలవు రోజుల్లో క్వారీల దారుల్లో ఆయనకు అదే పని. స్టాఫ్ రూంలో "పెయింటర్ సారు" అని నవ్వుకునేవాళ్ళం. నేను కూడా నవ్వాను.

రేపు చెప్దామన్నది ఎవరో ఆయన ఎవరికీ చెప్పలేదు. నాతో కూడా ఒక్కసారైనా అనలేదు.

అది నేనే. ఈ రోజు అందరి ముందూ చెప్తున్నాను.

నిన్న సాయంత్రం అంత్యక్రియలయ్యాక ఇంటికి రాబుద్ధి కాలేదు. కృష్ణగిరిలోనే ఉండి, ఈ పొద్దున ఆ క్వారీకి వెళ్ళాను. గుంత ఇప్పుడు దారి అంచుదాకా వచ్చేసింది. సారు రాసిన బండ లేదు, దాన్నీ కోసేశారు. కొత్త బోర్డు పెట్టారు. మళ్ళీ ఒక్క భాషే. షెడ్లలో ఇప్పుడు హిందీ, ఒడియా వినిపిస్తున్నాయి. ఆ బోర్డుకు చెయ్యి ఆనించి ఒకాయన తీరిగ్గా ఫోన్ మాట్లాడుతున్నాడు.

ఆఫీసులోకి వెళ్ళి అడిగాను. "చూద్దాంలే మేడం" అన్నారు.

వచ్చే లెక్కలకు మళ్ళీ వాళ్ళ పేర్లు రాసుకోవాల్సింది మాలాంటివాళ్ళమే.

వెళ్ళిరండి సార్. నాకెలాగూ లేదు, మీకైనా మనశ్శాంతి దొరకాలి.